‘ఫైల్, ఎడిట్, వ్యూ’ వెనక పనితనం

డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే పరికరమైన ఎలక్ట్రాన్‌తో పనిచేసేవాళ్లు మెనూ గురించి ఒక్క వాక్యం రాయకపోయినా, మొదటి విండో తెరుచుకునేసరికి దానికో మెనూ పట్టీ ఉంటుంది. ఫైల్, ఎడిట్, వ్యూ, విండో, హెల్ప్ అని ఐదు పేర్లు. మ్యాక్‌లో అయితే వాటికి ముందు యాప్ పేరుతో ఇంకొకటి. ఎడిట్ నొక్కితే అన్‌డూ నుంచి సెలెక్ట్ ఆల్ దాకా అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. విండోస్‌లో ఎఫ్11 నొక్కితే విండో తెరంతా పరుచుకుంటుంది. అడగకుండానే అమిరిన ఈ పట్టీని చాలామంది పట్టించుకోరు. యాప్ ఒక రూపానికి వచ్చాక, మెనూ కూడా తమకు కావలసినట్టు ఉండాలనిపించినప్పుడే దాన్ని విప్పి చూస్తారు. విప్పినకొద్దీ, ఎవరో చాలా ఓపికగా ఆలోచించి బిగించిన కీళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆ కీళ్లను వరసగా పరిచయం చేయడమే ఈ వ్యాసం పని.

రెండు సంప్రదాయాలు

మెనూ పట్టీకి రెండు ఇళ్లున్నాయి. మొదటిది ఆపిల్. 1983లో వచ్చిన లీసా కంప్యూటర్ కోసం బిల్ అట్కిన్సన్ పైనుంచి కిందికి తెరుచుకునే మెనూలను రూపొందించారు. కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి ఆద్యుడైన లారీ టెస్లర్ కూడా ఆ బృందంలోనే ఉన్నారు. 1984లో వచ్చిన మకింతోష్ కూడా ఆ పట్టీని తెర పై అంచునే ఉంచి, దాన్ని యాప్ సొత్తుగా చేసింది. ముందు ఏ యాప్ ఉంటే ఆ యాప్ మెనూ పైన కనిపిస్తుంది. యాప్ విండోలన్నీ మూసేసినా మెనూ అలాగే ఉంటుంది. అంచున పెట్టడంలో ఒక లెక్క ఉంది. గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్నదాన్ని బట్టి చేతికి పట్టే సమయం మారుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించారు. తెర అంచు దాటి మౌస్ గుర్తు పోలేదు కాబట్టి, పైకి ఎంత విసిరినా అది మెనూ మీదే ఆగుతుంది. అంటే సన్నటి పట్టీ కూడా చేతికి పెద్ద గురిలాగే పనిచేస్తుంది.

రెండో ఇల్లు విండోస్. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ అక్కడ మెనూ పట్టీ ఒక్కో విండోకు ఒక్కోటి. విండో మూస్తే మెనూ కూడా పోతుంది. రెండేళ్ల తర్వాత ఐబీఎం ప్రకటించిన ‘కామన్ యూజర్ యాక్సెస్’ నియమావళి, మౌస్ లేకుండా కీబోర్డుతోనే మెనూలు నడిపే పద్ధతులకు ఒక ప్రామాణిక రూపం ఇచ్చింది. పేరులో ఒక అక్షరం కింద గీత, ఆల్ట్‌తో కలిపి ఆ అక్షరం నొక్కితే మెనూ తెరుచుకోవడం అనే అలవాటు విండోస్‌లో, లైనక్స్‌లో ఇప్పటికీ బతికే ఉంది.

ఈ రెండు ఇళ్లలోనూ ఒకే యాప్ నడవాలి. ఎలక్ట్రాన్ మీద పడిన బరువు అదే. 2013లో గిట్‌హబ్‌లో చెంగ్ ఝావ్ ఆటమ్ ఎడిటర్ కోసం ‘ఆటమ్ షెల్’ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 2015లో ఎలక్ట్రాన్ అని పేరు మారింది, 2016 మేలో 1.0 వెర్షన్ వచ్చింది. లోపల క్రోమియం బ్రౌజర్ యంత్రాంగం పేజీని చూపిస్తుంది, నోడ్ జేఎస్ ఫైళ్ల పని, సిస్టమ్ పని చూసుకుంటుంది. వీఎస్ కోడ్, స్లాక్, డిస్కార్డ్ దీని మీద కట్టినవే. లోపలి పేజీ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది. మెనూకు ఆ వెసులుబాటు లేదు. అది పేజీకి బయట ఉండేది, ఆయా ఆపరేటింగ్ సిస్టమ్ ఆచారాలకు లోబడేది. అందుకే రెండు సంప్రదాయాల మధ్య అతుకు కనిపించకుండా వేయాల్సిన చోటు మెనూ అయింది.

అడగకుండా వచ్చే మెనూ

డీఫాల్ట్ మెనూ ఎప్పుడు పుడుతుందో చూస్తే మొదటి జాగ్రత్త కనిపిస్తుంది. యాప్ సిద్ధమైందని చెప్పే ‘రెడీ’ సంకేతానికి కాస్త ముందు, డెవలపర్ తన మెనూను ఇప్పటికే పెట్టాడా అని ఎలక్ట్రాన్ చూసుకుంటుంది. పెట్టి ఉంటే తను తప్పుకుంటుంది. పెట్టకపోతేనే తన మెనూ కట్టి తగిలిస్తుంది. ఏ విండో అయినా తెరుచుకునేది దాని తర్వాతే కాబట్టి, మెనూ లేని విండో ఒక్క క్షణం కూడా కంటపడదు. సొంత మెనూ పెట్టుకునేవాళ్లకూ ఇందులో ఒక లాభం ఉంది. ‘రెడీ’కి ముందే ‘సెట్ అప్లికేషన్ మెను’ అనే ఆదేశానికి ‘నల్’ అని ఖాళీ విలువ ఇస్తే డీఫాల్ట్ మెనూ కట్టే పనే తప్పుతుంది, యాప్ ఆ మేరకు త్వరగా మొదలవుతుంది.

ఇక లోపలి అమరిక. విండోస్‌లో ఫైల్ కింద ఎగ్జిట్ ఒక్కటే ఉంటుంది. మ్యాక్‌లో అదే చోట క్లోజ్ ఉంటుంది, ఎందుకంటే అక్కడ యాప్ నుంచి బయటికి వెళ్లే దారి యాప్ పేరున్న మెనూలో ఉండాలి. ఎడిట్ కింద అన్‌డూ, రీడూ, ఒక గీత, ఆ తర్వాత కట్, కాపీ, పేస్ట్ తదితరాలు. వ్యూ కింద రీలోడ్, ఫోర్స్ రీలోడ్, డెవలపర్ టూల్స్, ఒక గీత, మూడు జూమ్ ఆదేశాలు, ఇంకో గీత, ఫుల్ స్క్రీన్. హెల్ప్ కింద యాప్ తయారీలో ఉన్నంతకాలం ఎలక్ట్రాన్ డాక్యుమెంటేషన్ వంటి లింకులుంటాయి. యాప్‌ను ప్యాక్ చేసి జనానికి ఇచ్చేసరికి అవి మాయమవుతాయి. డెవలపర్‌కు పనికొచ్చే లింకులు వాడుకరి కళ్లబడకూడదన్న ఆలోచన అది.

అయితే ఈ మెనూ తయారీదారు సౌకర్యం కోసం పుట్టింది, వాడుకరి కోసం కాదు. రీలోడ్ సంగతే చూడండి. పేజీ రాస్తూ, మారుస్తూ, మళ్లీ మళ్లీ చూసుకునే డెవలపర్‌కు అది రోజంతా కావాలి. అదే యాప్‌లో ఒకరు పెద్ద ఉత్తరం రాస్తూ పొరపాటున కంట్రోల్ ఆర్ నొక్కారనుకోండి, పేజీ మొదటినుంచి మొదలవుతుంది. యాప్ విడిగా దాచుకోని రాత పోతుంది. మెనూను మార్చుకోవడానికి అందం కంటే ఇదే బలమైన కారణం.

మూస ఒకటి, మెనూ ఇంకొకటి

మార్చుకోవడమంటే ఉన్న పట్టీలో అక్కడక్కడ చెరిపి రాయడం అని అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ ఆ దారి పెట్టలేదు. ఇప్పుడున్న మెనూను చేతికిచ్చే ‘గెట్ అప్లికేషన్ మెను’ అనే ఆదేశం ఉంది కానీ, అలా తీసుకున్న మెనూలో అంశాలు చేర్చడం, తీసేయడం కుదరదని డాక్యుమెంటేషన్ ముందే చెబుతుంది. ఉన్న అంశాల గుణాలను మార్చవచ్చు, అంతే. నిర్మాణం మారాలంటే కొత్త మెనూ కట్టి, పాతదాని స్థానంలో పెట్టాలి.

అది పెద్ద పని కాకుండా చేసింది మూస పద్ధతి. మెనూ ఎలా ఉండాలో ఒక జాబితాగా రాస్తాం. జాబితాలో ఒక్కో వరుస ఒక్కో అంశం, దానికి పేరు, అది చేసే పని, దాని కింద తెరుచుకునే ఉపమెనూ. ఉపమెనూ కూడా అలాంటి జాబితానే. ఎంత లోతుకు వెళ్లినా రాత పద్ధతి మారదు. ‘బిల్డ్ ఫ్రమ్ టెంప్లేట్’ అనే ఆదేశం ఆ జాబితాను తీసుకుని అసలు మెనూ కడుతుంది. చుక్కలు మనం పెడితే ముగ్గు అది కలుపుతుంది.

కలిపే ముందు అది చేసే తనిఖీలు చూడదగ్గవి. ప్రతి వరుసలోనూ లేబుల్, రోల్, టైప్ అనే మూడింటిలో కనీసం ఒకటి ఉందా అని చూస్తుంది, లేకపోతే అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. తర్వాత గీతల లెక్క. అంశాలను గుంపులుగా విడదీసే అడ్డగీతలు రెండు పక్కపక్కనే పడితే ఒకటిగా కలుపుతుంది. జాబితా మొదట్లోనో చివర్లోనో గీత మిగిలిపోతే తీసేస్తుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, ఒక అంశం మ్యాక్‌లో మాత్రమే ఉండి విండోస్‌లో లేకపోతే, దాని పైన, కింద రాసిన రెండు గీతలూ విండోస్‌లో ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ చిక్కును డెవలపర్ ప్రతిసారీ ఊహించుకుని విప్పనక్కర్లేకుండా పరికరమే సర్దుకుంటుంది.

వరుస క్రమం విషయంలోనూ ఇలాంటి శ్రద్ధే. మామూలుగా రాసిన క్రమమే మెనూ క్రమం. కానీ పెద్ద యాప్‌లో ఒక్కో భాగం తన అంశాలను విడివిడిగా అందించవచ్చు. అప్పుడు ప్రతి అంశానికీ ఒక గుర్తింపు పేరు ఇచ్చి, ‘ఫలానాదానికి ముందు’, ‘ఫలానాదాని తర్వాత’ అని రాయవచ్చు. ఆ షరతులన్నిటినీ కలిపి ఒక వరుస తేల్చడానికి ఎలక్ట్రాన్ కంప్యూటర్ శాస్త్రంలో పేరున్న ‘టోపలాజికల్ సార్టింగ్’ పద్ధతి వాడుతుంది. ఏ పని ముందు ముగిస్తే ఏ పని మొదలుపెట్టగలమో తేల్చే లెక్కలకు వాడే పద్ధతి ఇది. మెనూలో రెండు వరుసల మధ్య చోటు కోసం కూడా దాన్నే నమ్ముకున్నారు.

రోల్ అనే కీలు

మూసలో అన్నిటికంటే తెలివైన భాగం రోల్. మామూలు అంశానికి ‘నొక్కితే ఈ పని చెయ్యి’ అని క్లిక్ కింద ఒక ఫంక్షన్ రాస్తాం. కాపీ చేయడం, విండోను కిందికి దించడం, తెరంతా పరచడం లాంటి అందరికీ ఉమ్మడి పనులకు మాత్రం ఎలా చేయాలో రాయక్కర్లేదు. ఈ అంశం ఏమిటో చెబితే చాలు. రోల్ ‘కాపీ’ అని రాస్తే పేరు, షార్ట్‌కట్, పని మూడూ వాటంతటవే వస్తాయి. రోల్ పేరులో ఇంగ్లిషు పెద్దక్షరాలు రాసినా చిన్నక్షరాలు రాసినా పట్టింపు లేదు.

ఈ పనంతా వెనక ఉన్న ఒక పట్టిక చేస్తుంది. ఒక్కో రోల్‌కు ఒక్కో వరుస. లేబుల్ ఏమిటి, షార్ట్‌కట్ ఏమిటి, ఆ పని ఎవరికి చెందుతుంది అన్నవి అందులో ఉంటాయి. పని చేసేవాళ్లు మూడు రకాలు. క్విట్ మొత్తం యాప్‌కు చెందుతుంది. మినిమైజ్ ముందున్న విండోకు చెందుతుంది. కాపీ, పేస్ట్ ఆ విండోలోని పేజీకి చెందుతాయి. అంశం నొక్కగానే పట్టిక చూసి ఆదేశాన్ని సరైన చోటికి పంపడమే మిగిలిన పని.

రెండు సంప్రదాయాల తేడాలను ఈ పట్టిక ఎంత సన్నగా పట్టుకుందో క్విట్ వరుసలో కనిపిస్తుంది. మ్యాక్‌లో దాని పేరు ‘క్విట్’ పక్కన యాప్ పేరు, విండోస్‌లో ‘ఎగ్జిట్’, లైనక్స్‌లో ఒట్టి ‘క్విట్’. షార్ట్‌కట్ మ్యాక్‌లో కమాండ్ క్యూ, లైనక్స్‌లో కంట్రోల్ క్యూ, విండోస్‌లో ఏదీ లేదు. రీడూ కూడా అంతే. విండోస్ వాళ్లకు కంట్రోల్ వై, మిగతా రెండు చోట్ల షిఫ్ట్ కలిపిన జెడ్. ఫుల్ స్క్రీన్‌కు మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, ఎఫ్ కలిపి నొక్కాలి, మిగతా చోట్ల ఎఫ్11. వాడుకరి చేతివేళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్న అలవాటును ఆ వేదికలో ఎవరూ మార్చమనరు.

మ్యాక్‌లో రోల్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అక్కడ కాపీ, పేస్ట్, హైడ్ లాంటి పనులను సిస్టమే స్వయంగా చేయగలదు. అలాంటి రోల్‌ను ఎలక్ట్రాన్ సిస్టమ్ సొంత ఆదేశంగా మార్చి ఇచ్చేసి, తను పక్కకు తప్పుకుంటుంది. రీలోడ్, జూమ్, డెవలపర్ టూల్స్ లాంటి బ్రౌజర్ పనులు సిస్టమ్‌కు తెలియవు కాబట్టి వాటిని మాత్రం తనే చేస్తుంది. పట్టికలో ఆ తేడాకు కూడా ఒక గడి ఉంది.

సిస్టమ్‌కు అప్పగించినందుకు వచ్చే ఫలితాలు ఉచితంగా దక్కుతాయి. హెల్ప్ రోల్ ఇస్తే మ్యాక్ ఆ మెనూలో తనంతట తానే ఒక వెతుకుపెట్టె పెడుతుంది. అందులో మాట టైప్ చేస్తే ఆ మాట ఉన్న మెనూ అంశాన్ని తెరిచి చూపిస్తుంది. విండో రోల్ ఇస్తే తెరిచి ఉన్న విండోల జాబితా దాని కింద చేరుతుంది. వాడుకరి సిస్టమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మెనూ అంశం పేరు ఉన్నదున్నట్టు రాసి, దానికి తనకు నచ్చిన షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. డెవలపర్ ఆ సదుపాయం కోసం ఒక్క వరుస కూడా రాయలేదు.

రోల్ విడి అంశాలకే కాదు, మొత్తం మెనూలకూ ఉంది. ‘ఫైల్ మెను’, ‘ఎడిట్ మెను’, ‘వ్యూ మెను’, ‘విండో మెను’, మ్యాక్‌కు ‘యాప్ మెను’. వీటిలో ఏది రాసినా ఆ మెనూ అంతా లోపలి అంశాలతో సహా వచ్చేస్తుంది. డీఫాల్ట్ మెనూను ఎలక్ట్రాన్ కట్టుకున్నది కూడా ఈ ముక్కలతోనే. ఆ ఐదు పేర్ల వెనక డెవలపర్ చేతికి అందని రహస్య యంత్రాంగం ఏమీ లేదు. వాళ్లు వాడిన ఇటుకలే మనకూ ఇచ్చారు. అందుకే నాలుగు మెనూలను రోల్ పేరుతో యథాతథంగా ఉంచి, మార్చాలనుకున్న ఒక్క దాన్నే విడదీసి రాసుకోవచ్చు.

షార్ట్‌కట్ల వెనక లెక్క

షార్ట్‌కట్లను ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్లు అంటుంది. వాటిని మీటల పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెట్టి రాస్తాం. ‘కమాండ్ ఆర్ కంట్రోల్’ అనే ఒక పేరు పెట్టి, దాని పక్కన ఎస్ రాస్తే మ్యాక్‌లో కమాండ్ ఎస్, మిగతా చోట్ల కంట్రోల్ ఎస్ అవుతుంది. గుర్తును మీటల మధ్య వాడేశారు కాబట్టి ప్లస్ మీటనే చెప్పాలంటే ‘ప్లస్’ అని అక్షరాల్లో రాయాలి. జూమ్ ఇన్ అలాగే రాసి ఉంటుంది.

కాపీ రోల్ వరుసలో ఒక గడి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దాని పేరు ‘రిజిస్టర్ యాక్సిలరేటర్’. కాపీకి దాని విలువ ‘కాదు’. అంటే విండోస్‌లో, లైనక్స్‌లో మెనూ పక్కన కంట్రోల్ సి అని కనిపిస్తుంది కానీ, ఆ మీటలను మెనూ తన కోసం పట్టుకోదు. పేజీలో రాసే పెట్టెకు కంట్రోల్ సి ఏమిటో క్రోమియంకు ముందే తెలుసు. మెనూ మధ్యలో దూరి ఆ మీటను లాక్కుంటే ఒకే పనికి ఇద్దరు పోటీ పడినట్టవుతుంది. చూపించడం ఒక పని, పట్టుకోవడం ఇంకో పని అని విడదీయడంలోనే ఉంది నైపుణ్యం.

మ్యాక్‌లో కథ తిరగబడుతుంది. కమాండ్ సి నొక్కితే సిస్టమ్ ఆ మీటలకు సరిపడే అంశం మెనూ పట్టీలో ఉందా అని వెతికి, ఉంటే దాని ఆదేశాన్ని అప్పుడు చేతిలో ఉన్న రాతపెట్టెకు పంపుతుంది. మెనూలో కాపీ అంశమే లేకపోతే ఆదేశం పుట్టదు. డీఫాల్ట్ మెనూ తీసేసి సొంతంగా ఫైల్, హెల్ప్ రెండే పెట్టుకున్న యాప్‌లో విండోస్ మీద అంతా బాగానే నడిచి, మ్యాక్ మీద మాత్రం కాపీ, పేస్ట్ చచ్చుబడటానికి కారణం ఇదే. ఎలక్ట్రాన్ లోపం అనిపించే ఈ విషయం నిజానికి మ్యాక్ సంప్రదాయం. మెనూ అక్కడ అలంకారం కాదు, మీటలకు దారి.

పేర్లు, గుర్తులు, తెలుగు

లేబుల్‌లో ఒక అక్షరం ముందు ‘అండ్’ గుర్తు పెడితే విండోస్‌లో, లైనక్స్‌లో ఆ అక్షరం కింద గీత పడి, ఆల్ట్‌తో అది తెరుచుకుంటుంది. మ్యాక్‌లో ఆ ఆచారం లేదు కాబట్టి గుర్తు నిశ్శబ్దంగా రాలిపోతుంది. పేరులోనే ఆ గుర్తు కనిపించాలంటే రెండుసార్లు రాయాలి. నొక్కగానే పని జరగకుండా, ముందు ఇంకో పెట్టె తెరిచి వివరం అడిగే అంశాల పేరు చివర మూడు చుక్కలు పెట్టడం మూడు వేదికల్లోనూ ఉన్న మర్యాద. ‘సేవ్’కు చుక్కలుండవు, ‘సేవ్ యాజ్’కు ఉంటాయి. ఈ చుక్కలు రోల్‌తో రావు, డెవలపర్ గుర్తుపెట్టుకోవాలి.

తెలుగు యాప్ రాసేవాళ్లకు ఇక్కడ రెండు విషయాలు పనికొస్తాయి. మొదటిది, రోల్ ఇచ్చే పేర్లు ఇంగ్లిషులోనే వస్తాయి, సిస్టమ్ భాష తెలుగు అయినా మారవు. కానీ రోల్ పక్కనే లేబుల్ రాస్తే పేరు మాత్రం మారి, పని, షార్ట్‌కట్ అలాగే నిలుస్తాయి. రోల్ ‘పేస్ట్’, లేబుల్ ‘అతికించు’ అంటే చాలు. పేరును, పనిని విడదీసి పెట్టినందువల్లే ఇంత సులువుగా మెనూ తెలుగవుతుంది. అయితే ‘ఎడిట్ మెను’ అనే గంపగుత్త రోల్‌ను వాడితే లోపలి పేర్లు ఇంగ్లిషులోనే ఉండిపోతాయి. తెలుగు కావాలంటే ఆ మెనూను విప్పి, ఒక్కో అంశానికీ రోల్, లేబుల్ రెండూ రాయాలి.

రెండోది గీత అక్షరం సంగతి. ‘ప్రింట్’లో మొదటి అక్షరం ‘ప్రి’ కంటికి ఒకటే, యూనికోడ్‌లో నాలుగు గుర్తులు: ప, పొల్లు, ర, గుడి. దాని కింద గీత ఎక్కడ పడాలి, ఆల్ట్‌తో ఏ మీట నొక్కాలి? తెలుగులోకి వచ్చిన గ్నోమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికి ఒక తేలిక దారి చూపింది. తెలుగు పేరు పూర్తిగా రాసి, పక్కన బ్రాకెట్లో ఇంగ్లిషు అక్షరం పెట్టి, గీత దాని కింద వేస్తారు. ‘సహాయం’ పక్కన హెచ్ అక్షరం అలా వచ్చిందే. ఎలక్ట్రాన్ మూసలోనూ ఇదే రాత పనిచేస్తుంది.

టిక్కు పెట్టే అంశాలు

కొన్ని అంశాలు పని చేయవు, స్థితి చూపిస్తాయి. వాటికి రెండు రకాల టైపులున్నాయి. చెక్‌బాక్స్ ఒంటరిది, ఉంది లేదా లేదు అంటుంది. రేడియో గుంపుగా ఉంటుంది, ఒకటి ఎంచుకుంటే మిగతావి దిగిపోతాయి. గుంపుకు విడిగా పేరు పెట్టక్కర్లేదు. పక్కపక్కనే ఉన్న రేడియో అంశాలు ఒక గుంపు, గీత పడితే గుంపు ముగిసినట్టు. కంటికి కనిపించే విభజననే లెక్కకూ ఆధారం చేసుకున్నారు. గుంపులో దేనికీ టిక్కు పెట్టడం డెవలపర్ మర్చిపోతే, మెనూ తెరుచుకునే ముందు మొదటిదానికి ఎలక్ట్రాన్ పెట్టేస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని ఉండాల్సిన గుంపు ఖాళీగా కనిపించదు.

టిక్కు, పనిచేసే స్థితి, కనిపించడం అనే మూడు గుణాలను మెనూ కట్టిన తర్వాత కూడా మార్చవచ్చు. దాచాల్సిన మార్పు ఏదీ లేనప్పుడు ‘దాచు’ (సేవ్) అంశాన్ని బూడిదరంగులో పెట్టడం, మార్పు రాగానే వెలిగించడం అలా సాధ్యమవుతుంది. అంశానికి ఇచ్చిన గుర్తింపు పేరుతో ‘గెట్ మెను ఐటమ్ బై ఐడీ’ అని అడిగి దాన్ని నేరుగా పట్టుకోవచ్చు.

అన్నీ కలిపితే

ఇప్పుడు ఒక తెలుగు నోట్స్ యాప్‌కు మెనూ కడదాం. మొదటి వరుస మ్యాక్‌కు మాత్రమే. వేదిక పేరు అడిగితే మ్యాక్ ‘డార్విన్’ అని జవాబిస్తుంది. ఆ జవాబు వస్తే యాప్ మెను ఉన్న చిన్న జాబితాను, రాకపోతే ఖాళీ జాబితాను పెద్ద జాబితాలో పరిచేస్తాం. ఖాళీ జాబితా పరిస్తే ఏమీ చేరదు, కాబట్టి షరతు ఎక్కడా అడ్డు రాదు. మ్యాక్‌లో ఈ మొదటి మెనూకు ఏ లేబుల్ రాసినా యాప్ పేరే కనిపిస్తుంది. దీన్ని మరచి ఫైల్ మెనూను మొదట పెడితే, దాని అంశాలు యాప్ పేరు కింద తేలతాయి.

తర్వాత ఫైల్. కొత్త నోటు, తెరువు (చివర మూడు చుక్కలు), గీత, దాచు, గీత, ఆపై మ్యాక్‌లో క్లోజ్ రోల్, మిగతా చోట్ల క్విట్ రోల్. ఎడిట్‌ను విప్పి ప్రతి అంశానికీ తెలుగు లేబుల్ పెడతాం. ఒక్క రోల్ కూడా తీసేయం. వ్యూలో రీలోడ్, ఫోర్స్ రీలోడ్, డెవలపర్ టూల్స్ మూడూ యాప్ ప్యాక్ కాకముందు మాత్రమే కనిపించేలా షరతు పెడతాం. వాటి చోట అక్షరాల సైజుకు మూడు రేడియోలు వస్తాయి. జూమ్, ఫుల్ స్క్రీన్ అలాగే ఉంటాయి. విండో, హెల్ప్ రోల్ పేరుతోనే వస్తాయి.

మెనూ ఉండేది యాప్ ప్రధాన ప్రక్రియలో, నోటు ఉండేది విండోలోని పేజీలో. ఈ రెండూ ఒకదాన్నొకటి నేరుగా తాకవు. ‘దాచు’ నొక్కితే క్లిక్ ఫంక్షన్‌కు ముందున్న విండో అందుతుంది. ఆ విండో పేజీకి ఒక సందేశం పంపితే, పేజీ దాన్ని అందుకుని దాచే పని చేస్తుంది. మ్యాక్‌లో విండోలన్నీ మూసినా మెనూ ఉంటుందని మొదట చెప్పుకున్నాం. అప్పుడు ‘దాచు’ నొక్కితే ఫంక్షన్‌కు విండో అందదు. సందేశం పంపే ముందు విండో ఉందో లేదో చూసుకోవాలి, ‘కొత్త నోటు’ అయితే ముందు విండోనే తెరవాలి. ఎప్పుడో 1980లలో తెర అంచుకు అతికించిన పట్టీ ఈ ఒక్క షరతు రూపంలో ఇవాళ్టి కోడ్‌లోకి వస్తుంది.

చివరగా మూసను మెనూగా కట్టి, యాప్‌కు తగిలిస్తాం. విండోస్‌లో, లైనక్స్‌లో పట్టీ చోటు తింటుందనుకుంటే ‘ఆటో హైడ్ మెను బార్’ పెట్టవచ్చు. ఆల్ట్ నొక్కేదాకా అది దాక్కుంటుంది, షార్ట్‌కట్లు మాత్రం పనిచేస్తాయి. ఇంకా ముందుకు వెళ్లాలనుకున్నవాళ్లు పట్టీని తామే గీసుకోవచ్చు. వీఎస్ కోడ్ విండోస్‌లో టైటిల్ పట్టీతో కలిసిపోయే సొంత మెనూ గీసుకుని, దాన్ని ఎలా చూపాలన్న ఎంపికను వాడుకరికే ఇచ్చింది. మ్యాక్‌లో మాత్రం సిస్టమ్ పట్టీనే ఉంచింది. సిస్టమ్ ఇచ్చేవన్నీ సొంతంగా మళ్లీ కట్టుకోగల బలం ఉన్న బృందానికి ఆ దారి సరిపోతుంది.

మిగతావాళ్లకు ఎలక్ట్రాన్ ఇచ్చిన ముక్కలే చాలు. తయారుగా వచ్చింది పనిచేయాలి, విప్పితే విడిపోవాలి, విప్పిన ముక్కలతో ఇంకొకటి కట్టగలగాలి. మంచి డీఫాల్ట్‌కు ఈ మూడు లక్షణాలు ఉండాలనుకుంటే, ఈ మెనూకు మూడూ ఉన్నాయి. తెలుగు యాప్ రాస్తున్నవాళ్లకు చెప్పాల్సింది ఇంతే: రీలోడ్‌ను వాడుకరి చేతికి అందనీయకండి, ఎడిట్ రోల్స్‌ను ఎప్పుడూ తీయకండి, పేర్లను ధైర్యంగా తెలుగులో పెట్టండి, జనానికి ఇచ్చే ముందు మ్యాక్ మీద ఒకసారి, విండోస్ మీద ఒకసారి నడిపి చూడండి.